గుండెసంచి – స్కాను చిత్రము
రిపోర్టు చదివిపెట్టుడని గ్రామస్థులు పంచాయతీ సభ్యుల కడకే వత్తురు గనుక దీనిని వ్రాయుచున్నాము. గుండెను చుట్టి రెండు పొరల సంచి కలదు. దీనిని వైద్యులు పెరికార్డియమందురు. ఛాతీ సి.టి. స్కానులో అది కొవ్వు నడుమ సన్నని గీతగా కనుపించును. మందము సాధారణముగా 2 మిల్లీమీటర్లకు మించదు. ఎడమప్రక్క కొవ్వు తక్కువైనచోట గీతయే అగపడకపోవచ్చును. అది లోపము కాదు. పొరల నడుమ 15 నుండి 50 మిల్లీలీటర్ల ద్రవము ఆరోగ్యవంతులకును ఉండును. బండి ఇరుసుకు కందెన యెట్టిదో గుండెకు అది యట్టిది.

పొరపాటు జరుగునది వేరొకచోట. బృహద్ధమని ఆరంభభాగము వెనుక సంచి మడతలో ద్రవము నెలవంకవలె నిలుచును. దానిని గ్రంథి వాపని, క్యాన్సరు వ్యాపించినదని భ్రమించుట కలదు. ద్రవమునకు నీటి సాంద్రతయే యుండును. అనుభవజ్ఞుడగు రేడియాలజిస్టు గుర్తింపగలడు. పొలము తాకట్టు పెట్టుటకు ముందు ఆ చిత్రమును అట్టివారికి మరల చూపుమని చెప్పుడు. ఆయాసము, ఛాతీనొప్పి గలవారిని మాత్రము తక్షణమే ఆసుపత్రికి పంపవలయును.