సైకిలు అమ్మేయకండి

కొబ్బరిచెట్టు మీద నుండి పడి వెన్నుపాము దెబ్బతింటే కాళ్ళు చచ్చుబడవచ్చు. నిన్నటి దాకా భావనపాడు నుండి టెక్కలికి సైకిలు మీద వెళ్ళిన మనిషి వీల్‌చైర్‌లో కూర్చుంటాడు. ఇంట్లోవారు బాధతో సైకిలు అమ్మేస్తారు, ఆ మాటే ఎత్తరు. అలా చేయకండి.

1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ వీల్‌చైర్‌లో కూర్చునే ఆపరేషన్లు చేశారు. మీ వారికీ చేతులున్నాయి. చేతులతో తిప్పే మూడు చక్రాల సైకిలును కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలింకో తయారుచేస్తుంది. అర్హులకు ప్రభుత్వ పథకం కింద ఇస్తారు.

బండి కన్నా ముందు చర్మం సంగతి చూడాలి. స్పర్శ లేనిచోట పుండు పడినా నొప్పి తెలియదు. కూర్చున్నప్పుడు పావుగంటకొకసారి పక్కకు వంగి, పిరుదుల మీద బరువు తీసి, ఒకటి రెండు నిమిషాలు ఉండాలి. రోజూ రాత్రి పిరుదులు, తుంటి, మడమలు చూడండి. ఎరుపు అరగంటలో పోకపోతే అక్కడ బరువు పడనీయక, డాక్టరుగారికి చూపించండి. పుండు ముదిరితే మానడానికి నెలలు పడుతుంది. అన్నాళ్ళూ సైకిలు మూలనే ఉంటుంది.

దారిలో మూత్రం వస్తుందని కొందరు నీళ్ళు మానేస్తారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు సంగతి మీకు వేరే చెప్పాలా? డాక్టరుగారు చెప్పినంత నీరు తాగాలి, చెప్పిన వేళకు సన్నని గొట్టంతో మూత్రం తీయాలి.

దెబ్బకు దిగువన చెమట సరిగా పట్టదు కనుక ఎండెక్కక ముందే బయలుదేరాలి. ఇసుకలో చక్రాలు దిగబడతాయి, సిమెంటు రోడ్డు మీదే మొదలుపెట్టండి. మొదటి వారం వీధి చివరి దాకా చాలు. మీరు పక్కన నడవండి. ఆయన అడిగితే తప్ప వెనుక నుండి తోయకండి.