ఫలితవాదం: ‘కన్యాశుల్కం’ వెలుగులో ఒక నీతిశాస్త్ర భావన

ఒక చర్య ధర్మమా అధర్మమా అన్నది దాని ఫలితాలను బట్టే తేల్చాలనే సిద్ధాంతాన్ని ఫలితవాదం అంటారు. అత్యధికుల అత్యధిక సుఖమే గీటురాయి అని చెప్పే ఉపయోగితావాదం దీనిలో ప్రధాన శాఖ కాగా, దానికి జెరెమీ బెంథామ్ (1748–1832), జాన్ స్టూవర్ట్ మిల్ (1806–1873) ప్రముఖ ప్రతిపాదకులు. ఫలితంతో నిమిత్తం లేకుండా విధినే ప్రమాణంగా గ్రహించే కర్తవ్యవాదానికి ఇమ్మాన్యుయెల్ కాంట్ (1724–1804) ప్రతినిధి.

విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’ ఈ చర్చకు తగిన ఉదాహరణ. మేనకోడలు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లుకు ఇచ్చి చేయబోతున్న పెళ్లిని తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, కూతురిగా నమ్మించి, శుల్కం పుచ్చుకొని ఆ వృద్ధుడికే కట్టబెడతాడు. బాలిక రక్షణ అనే ఫలితాన్ని బట్టి ఈ మోసం సమర్థనీయంగా కనిపించినా, ‘పెళ్లికూతురు’ మాయమయ్యాక లుబ్ధావధాన్లుపై హత్యారోపణ రావడం కూడా ఆ చర్య ఫలితమే కనుక, ఫలితవాది దాన్నీ లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది; కర్తవ్యవాది మాత్రం ఉద్దేశం మంచిదైనా అబద్ధం తప్పేనంటాడు.

ఇలా ఒకే చర్యపై భిన్నమైన తీర్పులు సాధ్యమే కనుక, పరీక్షలో పరిపాలనా నీతి ప్రశ్నలకు సమాధానం రాసే అభ్యర్థులు ఉద్దేశం, మార్గం, ఫలితం అనే మూడింటినీ విడివిడిగా పరిశీలించిన తరువాతే నిర్ణయాన్ని ప్రకటించాలి.