తాగుడు మానాలంటే తోడు కావాలి

రాజవొమ్మంగి మన్యంలో ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు ఇక్కడి పోలీసు ఠాణా మీద దాడి చేశాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. అంతకు ముందే ఆయన మన్యం ప్రజలకు ఒక మాట చెప్పాడు. తాగుడు మానండి అన్నాడు.

డెబ్బై ఏళ్ల తరవాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లు కూడా మీలాగే పెద్దయ్యాక అక్షరాలు దిద్దినవాళ్లు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో మొత్తం మద్యాన్నే నిషేధించారు. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

పదిమంది కలిస్తే కొట్టు మూతపడుతుంది. మరి అలవాటు పడిన మనిషి చేత తాగుడు మాన్పించడం ఎలా? దానికీ పదిమంది కలవాలి.

ఒట్టు ఎందుకు నిలవదు?

పండక్కి జీలుగు కల్లు తాగేవాళ్లు ఉన్నారు. పొద్దున్నే సారా పడకపోతే చేతులు వణికేవాళ్లూ ఉన్నారు. ఈ రెండోది జబ్బు.

"రేపట్నుంచి ముట్టను" అని పిల్లల మీద ఒట్టు వేస్తాడు. సాయంత్రానికి మళ్లీ తాగుతాడు. ఒట్టు వేసినప్పుడు అతను నిజంగానే మానాలనుకుని ఉండవచ్చు. కాని ఒళ్లు మాట వినదు.

జాగ్రత్త! రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే ప్రమాదం. చెమటలు పడతాయి. నిద్ర పట్టదు. ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి ఉన్నట్టు కనిపించవచ్చు. గాలి సోకిందని కొందరు అనుకుంటారు. అది గాలి కాదు. ప్రాణం పోవచ్చు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అందుకే మనిషిని గదిలో పెట్టి తాళం వేయకూడదు. ఎవరో ఇచ్చిన మందు తెలియకుండా కూరలో కలపకూడదు. కొన్ని మందులు సారాతో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ముందు డాక్టరుకు చూపించాలి.

ఇద్దరితో మొదలైన సంఘం

మందుతో వణుకు తగ్గుతుంది. ఇంటికి వచ్చాక పాత స్నేహితులు మళ్లీ పిలుస్తారు. అప్పుడు కావాలి తోడు.

1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులు కలుసుకున్నారు. వాళ్లలో ఒకరు డాక్టరు. ఒకరి కష్టం ఒకరికి చెప్పుకున్నారు. చివరికి ఇద్దరూ మానారు. అలా 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అనే సంఘం పుట్టింది. దాన్నే 'ఏఏ' అంటారు. 1957లో అది మన దేశంలో మొదలైంది.

ఏఏ సమావేశానికి రుసుము లేదు. ఇంటి పేరు, కులం అడగరు. ఒక్కొక్కరు తమ సంగతి చెప్తారు. మిగతావాళ్లు వింటారు. తిట్టరు. అక్కడ విన్న మాట బయట చెప్పరు. "ఈ ఒక్క రోజు తాగను" అనుకుంటారు. రేపటి సంగతి రేపు. మళ్లీ తాగినవాళ్లు కూడా తిరిగి రావచ్చు. తాగే ఆడవాళ్లూ వెళ్లవచ్చు.

మొదటిసారి వెళ్లాలంటే సిగ్గేస్తుంది.

"నేను తాగుబోతునని అందరి ముందూ చెప్పుకోవాలా?" అంటాడు భర్త.

"తాగి సంతలో పడితే అందరూ చూడలేదా? అక్కడున్నోళ్లంతా నీలాంటోళ్లే. మాట్లాడకపోయినా పర్లేదంట. కూచుని వినొద్దూగాని, పద" అంటుంది భార్య.

ఇంటివాళ్ల కోసం 1951లో 'అల్-అనాన్' అనే సంఘం పుట్టింది. భార్యలు, తల్లులు అక్కడ కలుసుకుంటారు. అతను తాగడం తమ తప్పు కాదని తెలుసుకుంటారు. అతని చేత మాన్పించే భారమంతా తమ ఒక్కరిదే కాదని తెలుసుకుంటారు. తాగి కొడితే ఓర్చుకోనక్కర లేదు. 181కి ఫోను చేయవచ్చు.

ఎక్కడ అడగాలి?

ముందు ఆశా కార్యకర్తను, ఆసుపత్రి నర్సును అడగండి. 14446కి ఫోను చేయండి. అది తాగుడు, మత్తు మాన్పించే సలహా కోసం. 14416 మనసు బాధలకు. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. ఈ రెండు ఫోన్లకూ డబ్బు పడదు.

ఇవి అడిగి కాగితం మీద రాసుకోండి:

సమావేశం ఏ ఊళ్లో?
ఏ రోజు, ఎన్ని గంటలకు?
తెలుగులో జరుగుతుందా?
ఇంటివాళ్లు కూడా రావచ్చా?

సమావేశాలు ఎక్కువగా పట్నాల్లో జరుగుతాయి. రాజవొమ్మంగి నుంచి విశాఖపట్నం దూరం. వారం వారం వెళ్తే కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది. ఫోనులో జరిగే సమావేశాలు ఉన్నాయేమో అడగండి. ఒకసారి వెళ్లి చూసి వచ్చినవాళ్లు ఊళ్లోనే కూర్చోవచ్చు. ఇద్దరు చాలు. ఏక్రన్‌లో కూడా ఇద్దరే కదా! సంత రోజు సాయంత్రమైతే మరీ మంచిది. తాగాలనిపించేది ఆ పూటే.

చర్చించండి

1. తాగే మనిషి ఒక్కసారిగా మానితే ఏమవుతుంది?
2. సమావేశంలో విన్న మాట బయట ఎందుకు చెప్పకూడదు?
3. మీ ఊళ్లో తాగుడు మానినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంకొకరికి వాళ్లు ఎలా తోడు కాగలరు?

రాయండి

108, 181, 14416, 14446. ఈ అంకెలు పెద్దగా రాసి గోడకు అంటించండి.