మోసేటప్పుడు తేలిక – నిలిపేటప్పుడు బరువు

విద్యార్థులారా! మూడు రాళ్ళ పొయ్యి మీద పెట్టిన కుండ ఊగడం మీరెప్పుడైనా చూశారా? రాళ్ళు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా కుండ ఒరుగుతుందేమో గాని ఊగదు. మీ తరగతిలోని నాలుగు కాళ్ళ బల్ల సంగతి వేరు. ఒక కాలి కింద కాగితం మడిచి పెడితే గాని దాని ఊగులాట ఆగదు. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువుల గుండా ఎప్పుడూ ఒక తలం పోతుంది. నాలుగో బిందువు కూడా ఆ తలంలోనే పడాలన్న నియమం లేదు. కెమెరా స్టాండుకు మూడే కాళ్ళు ఉండటానికి కారణం ఇదే. దానినే ట్రైపాడ్ అంటారు. మనం ముక్కాలి అందాం.

నెల రోజుల పాటు ఊరూరా తిరిగే ప్రయాణానికి ఒక ముక్కాలి కొనాలనుకోండి. బరువైనది కొంటే నాలుగో రోజుకే మోయలేక గదిలో వదిలేస్తాం. గదిలో ఉన్న స్టాండు ఎంత గట్టిదైనా ఫోటోకు పనికిరాదు. తేలికది కొంటే గాలికి ఊగుతుంది, కెమెరాతో సహా పడినా పడవచ్చు. ఈ చిక్కు విప్పడానికి మీ పాఠ్యపుస్తకంలోని భౌతికశాస్త్రమే చాలు.

ఒంటిమిట్టలో వెన్నెల

1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు మన సీమకు వచ్చి, గండికోటలో మీర్ జుమ్లాను కలిశాడు. ఒంటిమిట్ట కోదండరామాలయ గోపురాన్ని చూసి మెచ్చుకున్నాడని కూడా చెబుతారు. ఫోటోగ్రఫీ పుట్టడానికి అప్పటికి ఇంకా 170 ఏళ్ళకు పైగా ఉంది కాబట్టి చూసినదాన్ని మాటల్లో రాసుకోవడం తప్ప అతనికి వేరే దారి లేదు. మనం మాత్రం అవే చోట్లకు కెమెరాతో వెళదాం.

మొదట ఒంటిమిట్ట. ఇక్కడ చైత్రమాసపు బ్రహ్మోత్సవాలలో సీతారాముల కల్యాణం రాత్రి వేళ జరుగుతుంది. ఆ రోజుల్లో వెన్నెల నిండుగా ఉంటుంది. ఆ వెన్నెలలో గోపురాన్ని, దీపాల వెలుగు పడని వైపు నుంచి, ఫోటో తీయాలనుకోండి. పున్నమి వెలుగు మిట్టమధ్యాహ్నపు ఎండలో సుమారు 4 లక్షల వంతు. ఎండలో సెకనులో నూరో వంతు సరిపోయే ఫోటోకు, మరేమీ మార్చకపోతే వెన్నెలలో 4,000 సెకన్లు, అంటే గంటకు పైగా పడుతుంది! కెమెరా ద్వారాన్ని ఎఫ్ 16 నుంచి ఎఫ్ 2.8 వరకు తెరిస్తే 32 రెట్లు ఎక్కువ కాంతి లోపలికి వస్తుంది. కాంతి గ్రాహకత్వాన్ని 100 నుంచి 1600కు పెంచితే మరో 16 రెట్లు కలిసివస్తుంది. 4,000ను 32తో, ఆపైన 16తో భాగించండి. సుమారు 8 సెకన్లు వస్తుంది.

ఎనిమిది సెకన్లు కెమెరాను చేతిలో కదలకుండా పట్టుకోగల మనిషి లేడు. ముక్కాలి అవసరం ఇక్కడ వస్తుంది. కల్యాణం ఏడాదికి ఒక్కసారే. ఆ రాత్రి ఫోటో చెదిరిపోతే మళ్ళీ చైత్రం దాకా ఆగాలి.

లావు కాలు, సన్న కాలు

మడత పెట్టడానికి వీలుగా ముక్కాలి కాళ్ళను ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలతో చేస్తారు. గొట్టాలు ఎన్ని ఎక్కువైతే మడత పొడవు అంత తగ్గుతుంది, సంచిలో సులువుగా పడుతుంది. కాని ప్రతి గొట్టం తన పైదానికన్నా సన్నంగా ఉండాలి కదా!

ఒక స్టాండులో గొట్టాల వ్యాసాలు 28, 25, 22 మి.మీ. అనుకుందాం. నాలుగో భాగం చేరిస్తే అది 19 మి.మీ., అయిదోది 16 మి.మీ. అవుతుంది. గోడ మందం ఒకటే అయితే, పలుచని గొట్టం వంగకుండా నిలిచే శక్తి సుమారుగా వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది. లెక్క కట్టి చూడండి. 22 మి.మీ. గొట్టం కంటే 19 మి.మీ. గొట్టం ఒకటిన్నర రెట్లు, 16 మి.మీ. గొట్టం రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ వంగుతుంది. అందువల్ల దూరప్రయాణానికి నాలుగు భాగాల కాళ్ళు మధ్యేమార్గం. అయిదు భాగాలది కొంటే, వీలైనప్పుడల్లా చిట్టచివరి సన్న గొట్టాన్ని లాగకుండా వాడుకోవాలి.

నడిమి కడ్డీ సంగతీ అంతే. దాన్ని పూర్తిగా పైకి లాగితే, ముక్కాలి మీద ఒక ఒంటికాలిని నిలబెట్టినట్టే! ఎత్తు కావాలంటే ముందు కాళ్ళు పొడిగించాలి. కడ్డీని చివరికి ఉంచుకోవాలి.

ఏ పదార్థం?

ఘన సెంటీమీటరుకు ఉక్కు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు, కార్బన్ పోగుల మిశ్రమం సుమారు 1.6 గ్రాములు తూగుతాయి. కార్బన్ కాళ్ళు తేలికే గాని ఖరీదు ఎక్కువ. పైగా తగ్గేది గొట్టాల బరువు మాత్రమే. తల, బిగింపులు ఎక్కువగా లోహంతోనే ఉంటాయి. అల్యూమినియం దెబ్బ తగిలితే సొట్టపడుతుంది. కార్బన్ గట్టి దెబ్బకు పగలవచ్చు. మన సీమ ఎండల్లో అల్యూమినియం చేతికి చురుక్కుమంటుంది కాబట్టి కాలికి గుడ్డ చుట్టుకుంటే మేలు. డబ్బు కొద్దిగానే ఉంటే మంచి అల్యూమినియం స్టాండు కొనడం, నాసిరకం కార్బన్ స్టాండు కొనడం కంటే తెలివైన పని.

గండికోటలో గాలి

ఇప్పుడు గండికోట. పెన్నా నది కోసిన లోయ అంచున గాలి జోరుగా వీచే వేళలుంటాయి. స్టాండు, కెమెరా కలిపి 2 కిలోలు, కెమెరా ఎత్తు 120 సెం.మీ. అనుకుందాం. మూడు పాదాలను కలిపితే నేల మీద ఒక త్రిభుజం ఏర్పడుతుంది. గరిమనాభి నుంచి కిందికి గీసిన రేఖ ఈ త్రిభుజంలో పడినంత కాలం స్టాండు నిలుస్తుంది. త్రిభుజం మధ్య నుంచి పాదానికి 50 సెం.మీ. దూరమైతే, భుజానికి దూరం అందులో సగం, 25 సెం.మీ. మాత్రమే.

స్టాండును నిలిపి ఉంచే భ్రామకం 2 × 25 = 50. దీన్ని 120తో భాగిస్తే సుమారు 0.42. అంటే కెమెరా దగ్గర అర కిలో బరువంత తోపు కూడా అక్కర్లేదు, స్టాండు భుజం వైపు పడిపోతుంది! ఇప్పుడు నడిమి కొక్కేనికి 3 కిలోల సంచి తగిలించండి. 5 × 25 = 125. దీన్ని 120తో భాగిస్తే ఒకటి దాటింది. స్థిరత్వం రెండున్నర రెట్లయింది.

ఆ 3 కిలోలు మీరు ఇంటి నుంచి మోసుకెళ్ళాలా? అక్కర్లేదు. మన సీమలో రాళ్ళకు కరువా! ఒక ఖాళీ గుడ్డసంచి తీసుకెళితే చాలు. ఫోటో అయ్యాక రాళ్ళను అక్కడే వదిలి రావచ్చు. సంచి గాలికి ఊగితే స్టాండునూ ఊపుతుంది కాబట్టి దాని అడుగు నేలకు తాకీ తాకనట్టు ఉండాలి.

మరో కిటుకు. గాలి వీచే దిక్కుకు ఎదురు వైపున, అంటే గాలి తోసే వైపున, ఒక కాలు ఉంచండి. అప్పుడు స్టాండును పడదోయడానికి రెట్టింపు తోపు కావాలి. లోయ అంచుకు మాత్రం దూరంగానే నిలపండి. కెమెరాలోకి చూస్తూ అడుగు వెనక్కో ముందుకో వేయడం ప్రాణాలకే ముప్పు.

దుకాణంలో ఏం చూడాలి?

1. మడతపెట్టి కొలవండి. మీ సంచిలో పట్టాలి.
2. తలతో సహా తూకం వేయండి. తేలికపాటి కెమెరాకు కిలో నుంచి కిలోన్నర స్టాండు సరిపోతుంది.
3. అది మోయగలదని రాసి ఉన్న బరువు, మీ కెమెరా బరువుకు రెట్టింపైనా ఉండాలి.
4. కాళ్ళు పూర్తిగా పొడిగించి, పైన చేయి వేసి నొక్కండి, మెలితిప్పండి. బిగింపులు జారకూడదు.
5. కెమెరా బిగించి, కాలిని వేలితో తట్టండి. తెరపై బొమ్మ ఎంత త్వరగా నిలకడకు వస్తే అంత మంచిది.
6. నడిమి కడ్డీ కింద కొక్కెం ఉందో లేదో చూడండి.

రెండు సెకన్ల తరువాత ఫోటో తీసుకునే ఏర్పాటు కెమెరాలలోనూ ఫోన్లలోనూ ఉంటుంది. వేలు నొక్కిన కుదుపు ఈలోగా తగ్గిపోతుంది. దీనికి బరువూ లేదు, ఖర్చూ లేదు. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో స్టాండు వాడాలంటే ముందుగా అనుమతి అడగాలని మరవకండి.

చేసి చూడండి

మూడు వెదురు కర్రల పై కొనలను కట్టి ముక్కాలి తయారుచేయండి. పాదాలు జారకుండా ఒక్కొక్కదానికి చిన్న రాయి అడ్డం పెట్టండి. పై కొనకు మీ ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసు తగిలించి అడ్డంగా లాగండి. ఎంత బలానికి ఒరుగుతున్నదో రాసుకోండి. మధ్యలో రాళ్ళ సంచి వేలాడదీసి మళ్ళీ లాగండి. తరువాత ఒకసారి పాదం వైపు, ఒకసారి రెండు పాదాల నడుమ వైపు లాగి పోల్చండి. మీ అంకెలు పైన మనం వేసిన లెక్కతో ఎంతవరకు సరిపోయాయి? తేడా వస్తే ఎందుకు వచ్చిందో మీ ఉపాధ్యాయునితో చర్చించండి.