కుందేళ్ళకు చెవి గజ్జి: చికిత్స, నివారణ

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలో సంచరించు చెవులపిల్లిని ఎరుగని రైతు లేడు. అది అడవి కుందేలు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించినది గనుక దానిని పట్టి తెచ్చి ఇంట పెంచుట నేరము. పిల్లల ముచ్చటకై మన ఇండ్లలో పెంచు కుందేలు వేరొక జాతి. దాని పుట్టినిల్లు ఐరోపా ఖండము. అడవి కుందేలు బయలు నేలపై ఒంటరిగా మసలును. పెంపుడు కుందేలు పెట్టెలో తోటివానితో ఒరసికొని, ఒకే గడ్డిపై పరుండును. కావుననే దీనికి గజ్జి సులభముగా అంటుకొనును. అందు తరచుగా కానవచ్చునది చెవి గజ్జి.

ఇది నయము కాని వ్యాధి కాదు. అయినను వ్యాధికంటె, తెలియక చేయు మోటు వైద్యమే కొన్ని యెడల ప్రాణము మీదికి తెచ్చును. కాబట్టి దీనిని గూర్చి పెంపకందారులందరును తెలిసికొనుట అవసరము.

వ్యాధికి కారణము

సొరోప్టిస్ క్యూనిక్యులై అను పురుగు ఈ గజ్జికి మూలము. ఇది సాలీడు, పిడుదులకు దగ్గరి చుట్టము. పొడవు ఒక మిల్లీమీటరునకు లోపే. ఇది చర్మమును తొలిచి లోనికి పోదు. చెవి లోపలి చర్మము పైననే నిలిచి, అచట ఊరు రసిని, రాలు పొట్టును తిని బ్రతుకును. గ్రుడ్డు పొదిగి, పిల్ల పెరిగి, తిరిగి గ్రుడ్లు పెట్టుటకు సుమారు 3 వారములు పట్టును. కుందేలును విడిచినను, చల్లని తేమ చోట దాదాపు 3 వారములు ప్రాణముతో ఉండగలదు. ఈ రెండు విషయములను గుర్తుంచుకొన్నచో చికిత్సయు, నివారణయు సులభముగా బోధపడును.

గుర్తించు విధము

మొదట కుందేలు తల విదలించును. వెనుక కాలితో చెవిని గోకికొనును. చెవి లోపల గోధుమరంగు పొట్టు కనబడును. కొలది దినములలో అది పొరలు పొరలుగా పేరుకొని చెక్కు కట్టును, దుర్వాసన వచ్చును, చెవి బరువెక్కి వ్రాలును. ఉపేక్షించినచో చెవిలో చీము పట్టి, వ్యాధి లోచెవికి ప్రాకి, మెడ ఒక ప్రక్కకు వంగిపోవును. బాధచే కుందేలు మేత మానును. 12 గంటలపాటు మేత ముట్టక, పెంటికలు వేయక ఉన్న కుందేలు అపాయములో ఉన్నదని తెలియవలెను.

రాలిన చెక్కును ఒక నల్లని గుడ్డపై ఉంచి, భూతద్దముతో చూచినచో తెల్లని చుక్కలవంటి పురుగులు కదలుచుండుట కనవచ్చును. పశువైద్యులు సూక్ష్మదర్శినితో పరీక్షించి నిర్ధారింతురు. ఈ పురుగు మనుష్యులపై నిలువదు. అయితే ముక్కు, పెదవులు, పాదములయందు మొదలగు వేరొక గజ్జి కలదు. అది తాకిన వారికి కొంతకాలము దురద కలిగించును. కనుక కుందేలును పట్టిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనుట మేలు.

చికిత్స

దీనికి నేడు వాడుకలోనున్న ముఖ్యమైన మందు ఐవర్‌మెక్టిన్. జపాను దేశపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుండి ఈ మందు పుట్టినది. దీనికి మూలమైన పరిశోధనకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్ అను శాస్త్రజ్ఞులు 2015లో నోబెల్ బహుమానము పొందిరి.

పశువులకు వాడు 1 శాతము మందు ఒక మిల్లీలీటరు 50 కిలోల పశువునకు సరిపోవును. ఆ లెక్కను 2 కిలోల కుందేలునకు కావలసినది అందులో 25వ వంతు మాత్రమే! కంటి అంచనాతో ఇచ్చుటకు ఇది వీలుపడునది కాదు. కుందేలును తూచి, మోతాదు నిర్ణయించి, పశువైద్యుడే చర్మము క్రింద సూది వేయవలెను. మందు పురుగులను చంపును గాని గ్రుడ్లను చంపజాలదు. అవి పొదిగిన పిమ్మట వచ్చు పిల్లలను చంపుటకై సుమారు 14 దినములకు రెండవసారి, అవసరమైన మూడవసారియు సూది వేయించవలెను. మొదటి సూదికే దురద తగ్గినదని రెండవదానిని మానుటచేతనే వ్యాధి తిరుగబెట్టును. ఒకే ఇంటనున్న కుందేళ్ళన్నిటికి, చెవులు శుభ్రముగా కనబడినను, ఒకేమారు చికిత్స చేయించవలెను.

చెక్కును గిల్లి పెరుకరాదు. దాని క్రింద చర్మము పచ్చిపుండై యుండును. మందు పనిచేసిన కొలది దినములకు చెక్కు తనంతట తానే ఊడిపోవును.

చేయరాని పనులు

మన పత్తి, మిరప రైతుల ఇండ్లలో పురుగుమందు సీసా చేతికందుచోటనే ఉండును. "చేనిలోని పురుగును చంపునది చెవిలోని పురుగును చంపదా?" అని కొందరు యోచింతురు. తాను పట్టిన కుందేలునకు మూడే కాళ్ళనువారికి చెప్పి ఒప్పించుట కష్టమే గాని, ఇది ప్రాణములతో చెలగాటము. మిరపపై తామర పురుగులకు చల్లు ఫిప్రోనిల్ కుందేళ్ళకు విషము. కుక్కల పిడుదులకు వాడు కొన్ని చుక్కల మందులలోను ఇదియే ఉండును. సేంద్రియ భాస్వర వర్గపు పురుగుమందులు చర్మము ద్వారా కూడ ఒంటికెక్కి, చొంగ, వణకు, ఎగశ్వాస కలిగించి చంపును. ఇట్టి మందును కలుపు మనుష్యునికిని, ప్రక్కన నిలిచి చూచు పసివానికిని ప్రమాదమే. కిరసనాయిలు, వాడిన ఇంజను నూనె పోయుటయు తగదు.

కుందేలును చెవులు పట్టి ఎత్తుట మరియొక దురలవాటు. ఒక చేయి రొమ్ము క్రిందను, మరియొక చేయి పిరుదుల క్రిందను ఉంచి ఎత్తవలెను. వెనుక కాళ్ళకు ఆధారము లేక తన్నుకొన్నచో నడుము విరుగును.

నివారణ

క్రొత్తగా కొన్న కుందేలును నెల దినములు వేరు పెట్టెలో ఉంచి, చెవులు పరీక్షించిన పిదపనే పాతవానితో కలుపవలెను. వారమునకొకసారి పగటి వెలుతురులో ప్రతి కుందేలు చెవులను చూడవలెను. వ్యాధి కనబడినచో పెట్టెలోని గడ్డిని కాల్చివేసి, పెట్టెను, మేత పాత్రలను సలసల క్రాగిన నీటితో తోమి, మంచి ఎండలో ఆరవేయవలెను. వీలైనచో ఆ పెట్టెను 3 వారములకు పైగా ఖాళీగా ఉంచుట ఉత్తమము. వానకాలమున గడ్డి చెమ్మగిల్లకుండ తరచుగా మార్చవలెను. ఎండ పెట్టెకే గాని కుందేలునకు కాదు. మన ప్రాంతపు రోహిణి ఎండలకు అది తాళలేదు గనుక నీడయు, చల్లని నీరును అమర్చవలెను. మందు చల్లిన చేల గట్లపై గడ్డి కోసి పెట్టరాదు.

కుందేలు మూగజీవి, నొప్పి కలిగినను అరచి చెప్పదు. దాని చెవులను చూచు భారము పెంచువారిదే. తల విదలించుట కనబడిన నాడే దానిని బుట్టలో పెట్టుకొని పశువైద్యశాలకు కొనిపోయినచో, రెండు మూడు సూదులతో తీరు బాధ ప్రాణాంతకము కాకుండును.