ఫార్మాట్ కొట్టే ముందు

కంప్యూటరు నెమ్మదించిందనగానే మనవాళ్ళ నోట మొదట వచ్చే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం". విండోస్ 98, ఎక్స్‌పీల కాలంలో పట్టుకున్న అలవాటిది. అప్పట్లో ఆరునెలలకోసారి అన్నీ చెరిపేసి, సీడీ పెట్టి మళ్ళీ విండోస్ వేస్తే యంత్రానికి ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఆ వైద్యం ఇప్పటికీ కొన్ని రోగాలకు పనిచేస్తుంది. కాని ఎనిమిదేళ్ళో పదేళ్ళో వాడిన ఇంటి కంప్యూటరుకి రోగమేమిటో చూడకుండా ఆ పని చేయడం, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం లాంటిది. ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ వేస్తే బాగయ్యేది సాఫ్ట్‌వేర్ ఒక్కటే. అరిగిపోయిన హార్డ్ డిస్కు, దుమ్ము పట్టిన ఫ్యాను, చాలీచాలని మెమరీ, పాడైన చార్జరు - వీటిలో ఏదీ దానితో బాగుపడదు. పైగా డిస్కే చివరి దశలో ఉంటే, ఫార్మాటు పెట్టే శ్రమకి అది పూర్తిగా పడిపోవచ్చు. అందులో ఉన్న ఫోటోలు, ఉత్తరాలు దానితోపాటే పోతాయి.

కాబట్టి ముందు రోగ నిర్ధారణ. దీనికి కొనవలసిందేమీ లేదు.

మొట్టమొదట కంప్యూటరుని రీస్టార్ట్ చెయ్యండి. "రోజూ షట్ డౌన్ చేస్తూనే ఉన్నాం కదా" అంటారు. విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా సిస్టమ్ తన లోపలి స్థితిని డిస్కు మీద దాచుకుని, మర్నాడు అక్కడినుంచే అందుకుంటుంది. నిజంగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ చేసినప్పుడే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట, ప్రాసెసరు వివరాల కింద 'అప్ టైమ్' చూడండి. రోజూ ఆపుతున్నామనుకునే కంప్యూటర్లలో అక్కడ ఇరవై, ముప్ఫై రోజులు కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

రీస్టార్ట్ చేశాక ఒక పావుగంట దాన్ని ముట్టుకోకండి. అప్‌డేట్లూ అవీ అయిపోనివ్వండి. ఆ తర్వాత మీరు మామూలుగా చేసుకునే పని చేస్తూ, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసరు, మెమరీ, డిస్కు - ఈ మూడింటిలో ఏది నూరు శాతం దగ్గర కూర్చుంటోందో గమనించండి. సగం నిర్ధారణ ఇక్కడే తేలిపోతుంది.

పాత కంప్యూటర్లలో ఎక్కువగా దొరికే దొంగ డిస్కే. దీనికో చిన్న లెక్క ఉంది. లాప్‌టాపుల్లో వచ్చే మామూలు హార్డ్ డిస్కు నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. సూది ఆ వరుసకి జరగడానికి మరో 12 మిల్లీసెకన్లు. వెరసి, చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని చదవాలంటే సెకనుకి అరవై ముక్కల కన్నా రావు. విండోస్ లేచేటప్పుడు చదివేవి వేలాది చిన్న ముక్కలు. ఇది ఆరోగ్యంగా ఉన్న డిస్కు సంగతి. తిరిగే భాగాలేవీ లేని ఎస్సెస్డీలో సెకనుకి వేలు, పదివేలు చదవడం మామూలే. పాత లాప్‌టాప్‌కి ఎస్సెస్డీ వేస్తే కొత్తది కొన్నట్టుందని అందరూ అనేది ఇందుకే.

ఇక డిస్కు నెమ్మదిగా ఉందా, చచ్చిపోతోందా అన్నది వేరే ప్రశ్న. టాస్క్ మేనేజర్‌లో డిస్కు 'యాక్టివ్ టైమ్' నూరు శాతం ఉండి, చదివే వేగం మాత్రం సెకనుకి ఒక మెగాబైటు కూడా లేకపోతే, 'ఏవరేజ్ రెస్పాన్స్ టైమ్' వందలు, వేల మిల్లీసెకన్లలో నిలబడిపోతే, అనుమానించాలి. డిస్కులు తమ జబ్బుల చిట్టా తామే రాసుకుంటాయి. దాని పేరు స్మార్ట్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము దాన్ని చదివి, బాగుంటే నీలం, అనుమానముంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు రంగులో చూపిస్తుంది. హార్డ్ డిస్కుకైతే నేను చూసేది ముఖ్యంగా మూడు వరుసలు. ఐదో నంబరు, పాడైన చోట్లకు బదులు వాడేసిన చోట్ల లెక్క. 197, చదవలేక పక్కన పెట్టినవి. 198, ఇక చదవడం కుదరదని తేల్చినవి. ఈ మూడూ సున్నాలుండాలి. 197 సున్నా కాకపోతే నేనిక మిగతా పరీక్షల జోలికి పోను, నకలు తీయడం మొదలుపెడతాను.

ఇంత పట్టుదల ఎందుకంటే, 2007లో గూగుల్ పరిశోధకులు తమ దగ్గరున్న లక్షకి పైగా డిస్కుల మీద ఒక పత్రం ప్రచురించారు. ఉపరితలాన్ని తనిఖీ చేసేటప్పుడు మొదటి లోపం కనిపించిన డిస్కు, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం లోపాలు లేనివాటికన్నా 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. రెండో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా వాటిలో ముఖ్యమైన నాలుగు స్మార్ట్ హెచ్చరికల్లో ఏ ఒక్కటీ ముందుగా చూపలేదు. అంటే చిట్టా చెడుగా ఉంటే నమ్మండి, బాగుంటే మాత్రం పూర్తిగా నమ్మకండి.

కిందటేడు ఒక మిత్రుడు తన 2014 నాటి లాప్‌టాప్ తెచ్చి, "ఫార్మాట్ కొట్టి ఇవ్వు, పిల్లలు హోమ్‌వర్కుకి వాడుకుంటారు" అన్నాడు. లేవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. 197 దగ్గర వందకి పైగా ఉన్నాయి. అందులో ఏముందని అడిగితే, పాత ఫోటోలన్నాడు. కాసేపు ఆలోచించి, కాలం చేసిన నాన్నగారు రాసుకున్న జీవితకథ కూడా ఉందన్నాడు. ఆయన చేతిరాతని ఊళ్ళో డీటీపీ చేయించి పంపిన ఫైలు అది. ఇంకెక్కడా లేదు.

ఇలాంటి డిస్కుతో చేయకూడని పనులు ముందు చెప్తాను. డీఫ్రాగ్ చేయకండి. చెక్‌డిస్క్‌ని పాడైన చోట్లు వెతికే పద్ధతిలో నడపకండి, యాంటీవైరస్‌తో మొత్తం స్కాన్ పెట్టకండి. ఇవన్నీ మంచి పనులే, కాని డిస్కు మూలమూలలా గంటలకొద్దీ తిప్పుతాయి. మిగిలిన ఆయుష్షుని నకలుకి వాడాలి. చిన్నవి, ముఖ్యమైనవి ముందు, సినిమాలు ఆఖర్న. ఒకేసారి మొత్తం లాగకుండా ఫోల్డరు తర్వాత ఫోల్డరుగా బయటి డిస్కులోకి ఎక్కించండి. మధ్యలో ఆగిపోతుంటే, లైనక్స్‌ని యూఎస్‌బీ నుంచి లేపి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం డిస్కుని ఇంకో డిస్కు మీదికి దింపుకోవచ్చు. అది బాగున్న చోట్లు ముందు చదివేసి, మొండికేసిన చోట్లకు తర్వాత తీరిగ్గా వస్తుంది. ఆ గుణమే కావాలి ఇక్కడ. డిస్కు టిక్కుటిక్కుమని శబ్దం చేస్తుంటే మాత్రం కరెంటు తీసేయండి. అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు. డేటా రికవరీ వాళ్ళు వందల డాలర్లు అడుగుతారు, ఇవ్వాలో లేదో లోపలున్నదాన్ని బట్టి మీరే నిర్ణయించుకోవాలి.

నకలు తీసేటప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ చాలనుకుంటారు. అవుట్‌లుక్ వాడేవాళ్ళ పాత మెయిళ్ళు ఉండే పీఎస్‌టీ ఫైలు, బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు మర్చిపోతారు. డ్రైవు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ముందే చూసుకోండి.

మనవాళ్ళు ప్రత్యేకంగా మర్చిపోయేది ఇంకొకటుంది, ఫాంట్లు. యూనికోడ్ వాడకం ఇంత పెరగకముందు డీటీపీ సెంటర్లలో కొట్టిన తెలుగులో చాలాభాగం అను వంటి ఫాంట్లలోదే. ఆ ఫైళ్ళలో ఉండేవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. కొత్త విండోస్‌లో ఆ ఫాంటు లేకపోతే నాన్నగారి జీవితకథ స్థానంలో పిచ్చిగీతలు కనిపిస్తాయి. అది చూసి ఫైలు పాడైందనుకుని తీసిపారేసినవాళ్ళు ఉన్నారు. అందుకని విండోస్ ఫోల్డరులో ఉండే ఫాంట్స్ ఫోల్డరుని కూడా నకలు తీయండి. దానికి ముందు, డిస్కు సహకరిస్తే, పాత సిస్టమ్‌లోనే ఆ ఫైలు తెరిచి పీడీఎఫ్ చేసుకోండి. ఫాంటుని లోపల పొదిగిన పీడీఎఫ్ ఎక్కడైనా చదువుకోవచ్చు. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి కాని, వత్తుల దగ్గర పొరబడుతుంటాయి. మూలంతో పక్కపక్కన పెట్టి దిద్దుకోక తప్పదు.

డిస్కు బాగానే ఉందని తేలితే మిగతావి త్వరగా చూసేయొచ్చు. మెమరీ 4 గిగాబైట్లే ఉండి, నాలుగు బ్రౌజరు పేజీలు తెరవగానే 90 శాతం దాటుతుంటే, చాలని మెమరీకి బదులు విండోస్ డిస్కుని వాడుకుంటోందన్నమాట. అప్పుడు డిస్కు బిజీగా కనిపించినా తప్పు దానిది కాదు. మెమరీ కొనేముందు మీ యంత్రానికి డీడీఆర్3 కావాలో డీడీఆర్4 కావాలో చూసుకోండి, ఒకదాని చోట ఒకటి పట్టదు.

ప్రాసెసరు దగ్గర శాతం కన్నా వేగం గమనించాలి. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు, పని ఎక్కువగా ఉన్నప్పుడు కూడా 0.8 దగ్గరే ఉండిపోతే ఎవరో గొంతు నొక్కుతున్నట్టే. సాధారణంగా అది వేడి. దుమ్ము పేరుకుని ఫ్యాను గాలి ఆడక, తనని తాను కాపాడుకోవడానికి ప్రాసెసరు వేగం తగ్గించుకుంటుంది. గాలి డబ్బాతో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా పుల్లతో ఆపిపట్టండి. లాప్‌టాప్ చల్లగానే ఉండి ఈ లక్షణం కనిపిస్తే చార్జరు తీసి చూడండి. కొన్ని లాప్‌టాపులు తమ చార్జరుని గుర్తుపట్టలేకపోతే బ్యాటరీ ఎక్కించవు, వేగమూ పెరగనివ్వవు. చవగ్గా కొన్న చార్జరు ఎన్నిసార్లు విండోస్ వేసినా మారదు కదా!

ఇవేవీ కాకపోతే అప్పుడు సాఫ్ట్‌వేర్. సేఫ్ మోడ్‌లో లేపితే చురుగ్గా ఉందంటే రోగం ఇక్కడే. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో అక్కర్లేనివి ఆపండి. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయండి. సి డ్రైవు నిండిపోయి ఉంటే ఖాళీ చెయ్యండి. రిజిస్ట్రీ క్లీనర్లని, స్పీడ్ బూస్టర్లని వచ్చేవాటితో నాకెప్పుడూ లాభం కనిపించలేదు, తీసేసినప్పుడు లాభం కనిపించింది.

ఇంతా చేశాక మళ్ళీ సిస్టమ్ వేయాలనే తేలితే, పాత డిస్కుని ఫార్మాట్ చేయకండి. దాన్ని ఊడదీసి, కొత్త ఎస్సెస్డీ పెట్టి, అందులో వేయండి. 2014 నాటి లాప్‌టాపుల్లో చాలావాటికి రెండున్నర అంగుళాల సాటా ఎస్సెస్డీ సరిపోతుంది. దాని మందం 7 మిల్లీమీటర్లు. పాతది తొమ్మిదిన్నరదైతే మధ్యలో ఒక ప్లాస్టిక్ చట్రం పెట్టాలి. ఏ సిస్టమ్ వేయాలన్నది ముందే అనుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఇళ్ళవాళ్ళ కోసం ప్రకటించిన అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్లని అది ఒప్పుకోదు. పిల్లల హోమ్‌వర్కుకి, మెయిలుకి లైనక్స్ మింట్ చాలు. మిత్రుడి లాప్‌టాప్‌లో నేను వేసింది అదే.

తీసిన పాత డిస్కు మీద తేదీ రాసి, సొరుగులో పెట్టండి. కొత్తదాంట్లో ప్రతి ఫోల్డరూ తెరిచి, ఫోటోలు, తెలుగు ఫైళ్ళు అన్నీ కనిపిస్తున్నాయని చూసుకుని, ఇంకో నకలు వేరేచోట పెట్టేదాకా దాన్ని చెరపకండి.