బౌలరు నేర్చిన కొలతలు

కోదాడలో డిగ్రీ చదివిన రోజుల్లో కొత్త బంతి నాది. తర్వాత మిర్యాలగూడ రైసుమిల్లులో లెక్కలు రాశాను. ఇప్పుడు సూర్యాపేటలో పిల్లలకు బౌలింగు నేర్పుతున్నాను, మొన్నటిదాకా రక్తదాతల జాబితా కూడా నేనే చూసుకునేవాణ్ణి. మిల్లులో తేమ చూడందే, లారీ కాటా ఎక్కందే బేరం కుదరదు. మైదానమూ అంతే, సేవా అంతే. మంచి మనసు ఒక్కటే చాలదు, కొలత తెలియాలి. కుర్రాళ్లు అడుగుతుంటారు కాబట్టి వరసగా చెబుతున్నాను.

1. రనప్ కొలిచాకే బంతి పట్టు

మా రోజుల్లో పిచ్ అంటే గట్టి నేల మీద పరిచిన కొబ్బరిపీచు మ్యాటు, చుట్టూ మేకులు. మేకు వదులైతే బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. బౌలరు చేతిలో ఉన్నది ఒక్కటే: క్రీజు నుంచి వెనక్కి అడుగులు లెక్కపెట్టి, మడమతో గీత గీసుకోవడం. ప్రతి బంతికీ ఆ గీత దగ్గరికే పోవాలి. కొత్త కుర్రాడు ఉత్సాహం పట్టలేక రెండడుగులు ముందు నుంచే ఉరుకుతాడు, నోబాల్ పడుతుంది. సేవ చేస్తామని వచ్చేవాళ్లకూ ఇదే చెబుతాను. వారంలో నీకు దొరికే గంటలెన్నో ముందు చూసుకో, అంతవరకే మాటివ్వు.

2. బంతులు లెక్కపెట్టు

ఎదిగే వయసులో అతిగా వేస్తే ఫాస్ట్ బౌలర్లకు నడుము ఎముకలో చీలిక వస్తుంది. అమెరికా బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్‌కు భుజమో మోచెయ్యో దెబ్బతింటుంది. అందుకే అక్కడి 'పిచ్ స్మార్ట్' మార్గదర్శకాలు 17, 18 ఏళ్ల కుర్రాడు రోజుకు 105 బంతులు దాటొద్దంటాయి. అన్ని వేశాక నాలుగు రోజులు విశ్రాంతి. మన వేసవి టోర్నమెంట్లలో మాత్రం ఒకే పిల్లవాడు పొద్దున ఒక మ్యాచ్, మాపటికి ఇంకొకటి ఆడేస్తాడు. "ఇంకొక్క ఓవర్ ఏస్త సార్, జోరు మీదున్న" అంటాడు. జోరు మీదున్నప్పుడే ఆపాలి. నెట్స్‌లో వేసిన బంతులు కూడా కలిపి నోటుబుక్కులో రాయిస్తాను.

3. ఆడిన మ్యాచులతోనే మనిషిని తూచకు

బాబ్జీ అని అందరూ పిలిచే ఎం.వి. నరసింహారావు మన సికింద్రాబాద్ లెగ్‌స్పిన్నర్. భారత్ తరఫున ఆడింది 4 టెస్టులే. 1986-87లో ఆయన కెప్టెన్సీలో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది. తర్వాత ఉత్తర ఐర్లాండ్‌లోని స్ట్రబేన్‌లో ఆయన కోచ్‌గా పనిచేశారు. కేథలిక్, ప్రొటెస్టెంట్ వైరంతో ఏళ్ల తరబడి రగిలిన ప్రాంతమది. అక్కడ క్రికెట్‌కూ ప్రజలకూ చేసిన సేవకు బ్రిటన్ ఆయనను ఎంబీఈతో గౌరవించింది. జిల్లా జట్టులో చోటు రాలేదని ముఖం వేలాడేసుకున్న పిల్లలకు ఈయన సంగతి చెబుతాను.

4. రక్తం అందరూ ఒక్కరోజే ఇవ్వొద్దు

జనవరి 26నో, నాయకుడి పుట్టినరోజునో శిబిరం పెడతారు, ఫొటోలు దిగుతారు. కానీ ఎర్రకణాలను జాగ్రత్తగా దాచినా ఆరు వారాలకు మించి పనికిరావు. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. తలసీమియా పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఏడాది పొడవునా రక్తం ఎక్కించాల్సిందే. ఒకసారి ఇచ్చాక మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. ఊరంతా జనవరిలో ఇచ్చేస్తే మార్చిలో పిలుద్దామన్నా ఒక్కరూ దొరకరు. అందుకే మా జాబితాలో పేరు పక్కన గ్రూపుతో పాటు చివరిసారి ఇచ్చిన తేదీ ఉంటుంది. కెప్టెన్ బౌలర్లను మార్చినట్టు నెలకు కొందరిని పిలుస్తాం.

5. రోడ్డు మీద చేయగలిగినంతే చెయ్యి

హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మన సూర్యాపేట, కోదాడల మీదుగానే పోతుంది. ప్రమాదం జరిగితే జనం పరుగెత్తుకొచ్చి, కాళ్లూ చేతులూ పట్టి లేపి ఆటోలో కుక్కుతారు. వెన్ను దెబ్బతిన్నవాడికి ఆ లేపడమే ముప్పు. మంటలో, వచ్చే వాహనాలో భయపెడితే తప్ప కదిలించకు. ముందు 108కి ఫోన్ చెయ్యి. నెత్తురు కారేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టు. నీళ్లు తాగించకు. కేసులో ఇరుక్కుంటానని జంకకు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవాడికి రక్షణ ఇస్తోంది. పేరు చెప్పమని నిన్ను బలవంతం చేయకూడదు.

6. గ్యాలరీ ఎంత మోస్తుందో అడుగు

2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జూనియర్ జాతీయ కబడ్డీ పోటీలు మొదలైన రోజే ప్రేక్షకుల గ్యాలరీ కూలింది. వంద మందికి పైగా గాయపడ్డారు. ఆనాటి నుంచి టోర్నమెంటు పెడతామని వచ్చేవాళ్లను ప్రైజ్‌మనీ ఎంతని అడగను. కూర్చునే చోటు ఎంతమందికి సరిపోతుంది? ఆ లెక్క ఎవరు కట్టారు? నిండాక గేటు దగ్గర ఎవరు ఆపుతారు? అంబులెన్స్ లోపలికి రావడానికి దారుందా? జవాబు లేకపోతే జనాన్ని నేల మీదే కూర్చోబెట్టమంటాను.

7. ఓవర్ అయ్యాక బంతి ఇచ్చెయ్యి

కెప్టెన్ చెయ్యి చాపితే బంతి ఇవ్వడానికి మనసొప్పదు. వికెట్ పడేలా ఉన్నప్పుడైతే మరీను. సేవలో అలా చెయ్యి చాపేవాడు ఉండడు, మనకు మనమే చెప్పుకోవాలి. ఒక్క పెద్దమనిషితో మొదలైన సంఘం ఆయన మోకాళ్ల నొప్పులతోనే మూతపడుతుంది. ఫోన్ నంబర్లన్నీ ఆయన జేబులో, బీరువా తాళం ఆయన మొలకు. నేను రక్తదాతల పుస్తకాన్ని మిర్యాలగూడలో నర్సింగ్ చదివే అమ్మాయికి అప్పగించాను. ఆమె అంతా ఫోన్‌లోకి ఎక్కించి, తనకు వీలుకానప్పుడు చూసేందుకు ఇంకో ఇద్దరిని పెట్టుకుంది. రాత్రిపూట రక్తం కావాలని ఫోన్ వస్తే ఇప్పుడు ఆమె నంబరే ఇస్తున్నాను. నువ్వూ ఏ పని తలకెత్తుకున్నా, తర్వాతి ఓవర్ ఎవరిదో మొదటి రోజే అనుకో. ఆ మనిషిని అప్పటి నుంచే పక్కన పెట్టుకుని పని నేర్పు.